బటన్ నొక్కితే ఎవరు పలుకుతారు?
ఒంటరిగా ఉండే పెద్దవారి అత్యవసర బటన్ గురించి కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

ఆసుపత్రిలో రోగి మంచం పక్కన ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కగానే నర్సుల గదిలో దీపం వెలుగుతుంది. ఏ వార్డు, ఏ మంచం అన్నది సిస్టరుకు వెంటనే తెలిసిపోతుంది. డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లాక ఆ సౌకర్యం ఉండదు. తుంటి ఎముక ఆపరేషన్ అయినవారు, పక్షవాతం నుండి కోలుకుంటున్నవారు, గుండెజబ్బు ఉన్నవారు ఇంట్లో ఒంటరిగా ఉండవలసి వస్తే ఎలా అన్నది చాలా కుటుంబాల బెంగ.

అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో దీనికి ఒక ఏర్పాటు ఉంది. మెడలో గొలుసులాగానో, చేతికి గడియారంలాగానో ధరించే అత్యవసర బటన్ అది. మన తెలుగువారు చాలామంది అక్కడ స్థిరపడ్డారు. అమ్మానాన్నలను తమ దగ్గర ఉంచుకుని పగలంతా ఉద్యోగాలకు వెళ్లేవారు ఈ బటన్ కొంటున్నారు. కొన్నాం, పెట్టాం, ఇక భయం లేదు అనుకుంటారు. కానీ బటన్ కొనడంతో పని పూర్తి కాదు. నొక్కిన తర్వాత అవతల ఒక మనిషి పలికే వరకు మధ్యలో ఎన్నో మెట్లున్నాయి. వాటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా పెద్దవారి పిలుపు గాలిలో కలిసిపోతుంది. ఆ మెట్లేమిటో, మీరు ఏం చూసుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఆలస్యం ఎందుకు ప్రమాదకరం?

వయసు మళ్లినవారు పడిపోయినప్పుడు దెబ్బ ఎంత తగిలిందన్నది ఒక్కటే ముఖ్యం కాదు. ఎంతసేపు నేలమీద ఉండిపోయారన్నది కూడా అంతే ముఖ్యం. గంటల తరబడి ఒకే పక్కన పడి ఉంటే ఒత్తిడి పడిన చోట చర్మం దెబ్బతిని పుండ్లు పడతాయి. కండరాలు నలిగి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకు హాని చేస్తాయి. ఒంట్లో నీరు తగ్గిపోతుంది. చలి దేశాలలో శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోతుంది. ఊపిరితిత్తులకు నెమ్ము చేయవచ్చు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 90 ఏళ్లు దాటినవారిని పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. పడిపోయినవారిలో సుమారు 30 శాతం మంది కనీసం ఒక్కసారైనా గంటో, అంతకన్నా ఎక్కువసేపో నేలమీదే ఉండిపోయారని తేలింది. బటన్ అందుబాటులో ఉన్నవారిలో కూడా చాలామంది దాన్ని నొక్కలేదు. కాబట్టి వస్తువు ఉండటం వేరు, అది పనికి రావడం వేరు.

ఈ ఏర్పాటు ఎప్పటిది?

1970ల దశకంలో జర్మనీలో విల్‌హెల్మ్ హోర్మాన్ ఇటువంటి ఇంటి అత్యవసర పిలుపు పద్ధతిని రూపొందించారు. అమెరికాలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యులు ఆండ్రూ డిబ్నర్ 1974లో లైఫ్‌లైన్ అనే సంస్థను స్థాపించారు. ఆ రోజుల్లో ప్రతి ఇంటిలోనూ రాగి తీగ టెలిఫోన్ ఉండేది. అందుకే ఈ ఏర్పాటంతా టెలిఫోన్ లైను మీద ఆధారపడి పెరిగింది. నేటికీ చాలా ఇళ్లలో, చాలా కేంద్రాలలో ఆ పద్ధతే కొనసాగుతోంది.

నొక్కగానే ఏం జరుగుతుంది?

1. మెడలోని బటన్ నుండి రేడియో సంకేతం ఇంట్లోని ఒక చిన్న పెట్టెకు చేరుతుంది. ఈ పెట్టె టెలిఫోన్ లైనుకు కలిపి ఉంటుంది.

2. పెట్టె లైను తీసుకుని, తనలో నమోదు చేసి ఉంచిన పర్యవేక్షణ కేంద్రం నంబరుకు తానే ఫోన్ చేస్తుంది.

3. కేంద్రంలో ఫోన్ ఎత్తేది మొదట మనిషి కాదు, యంత్రం. దాన్ని రిసీవర్ అంటారు. చెవికి ఆనించుకునే ఫోన్ రిసీవర్ కాదు సుమా! అలారం సంకేతాలు అందుకోవడానికి ప్రత్యేకంగా తయారుచేసిన యంత్రమది. అది లైను ఎత్తి, "నేను సిద్ధం" అని తెలిపే స్వరం పంపుతుంది.

4. ఆ స్వరం విన్నాక ఇంటి పెట్టె తన సమాచారాన్ని అంకెల రూపంలో పంపుతుంది. మనం ఫోన్‌లో అంకెలు నొక్కినప్పుడు వినిపించే శబ్దాలవంటివే ఇవి.

5. అంకెలన్నీ సరిగా అందితే రిసీవర్ "అందింది" అనే మరో స్వరం పంపుతుంది. ఆ స్వరం రాకపోతే పెట్టె మళ్లీ పంపుతుంది.

6. ఆపరేటరు ముందున్న కంప్యూటరులో పేరు, చిరునామా, జబ్బులు, మందులు, పిలవవలసిన బంధువుల నంబర్లు కనిపిస్తాయి. అప్పుడు ఆపరేటరు అదే లైనులో, పెట్టెకున్న స్పీకరు ద్వారా "అమ్మా, ఏమైంది?" అని పలకరిస్తారు.

బాగా వాడుకలో ఉన్న కాంటాక్ట్ ఐడీ అనే పద్ధతిని ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో రిసీవర్ మొదట 1400 హెర్ట్జ్, ఆ తర్వాత 2300 హెర్ట్జ్ స్వరాలు చిన్నవిగా పంపుతుంది. బదులుగా పెట్టె 16 అంకెలు పంపుతుంది. అందులో మొదటి 4 అంకెలు ఆ ఇంటి ఖాతా సంఖ్య. మధ్యలో వచ్చే 3 అంకెలు ఏం జరిగిందో చెబుతాయి. 100 అంటే వైద్య సహాయం కావాలి. 101 అంటే ధరించిన బటన్ నొక్కారు. 110 అంటే అగ్నిప్రమాదం. 130 అంటే దొంగతనం. 302 అంటే బ్యాటరీ బలహీనపడింది. 602 అంటే క్రమం తప్పకుండా పంపే పరీక్ష సంకేతం. చివరి అంకె మిగతావి సరిగా అందాయో లేదో సరిచూసుకోవడానికి. ఈ 16 అంకెలూ వెళ్లడానికి రెండు సెకన్లు కూడా పట్టదు.

లైన్ కార్డు, ప్రొఫైల్ అంటే ఏమిటి?

కేంద్రంలోని రిసీవర్‌లో పుస్తకాల అరలాగా వరుసగా కార్డులు అమర్చి ఉంటాయి. ప్రతి కార్డుకూ టెలిఫోన్ లైను కలుపుతారు. వీటినే లైన్ కార్డులు అంటారు. ఒకే కేంద్రానికి దుకాణాల దొంగతనం అలారాలు వస్తాయి, కర్మాగారాల అగ్నిప్రమాదపు అలారాలు వస్తాయి, ఇళ్ల నుండి పెద్దవారి పిలుపులూ వస్తాయి. అన్నింటినీ ఒకే తీరున చూస్తే కుదరదు.

మన ఆసుపత్రి ఓపీనే చూడండి. చీటీ రాసే చోట మిమ్మల్ని చూసి, ఎముకల డాక్టరు దగ్గరికా, పిల్లల డాక్టరు దగ్గరికా, నేరుగా క్యాజువాల్టీకా అన్నది నిర్ణయిస్తారు. లైన్ కార్డుకు కూడా అటువంటి చీటీ ముందే రాసి పెట్టాలి. ఈ కాల్ వస్తే ఎప్పుడు ఎత్తాలి, ఏ స్వరం ముందు పంపాలి, ఏ జాబితాలో వెతకాలి, అంకెలు అందాక లైను పెట్టేయాలా, మనిషికి ఇవ్వాలా అన్న ఆదేశాల కట్టనే ప్రొఫైల్ అంటారు. ఇంటి పెట్టె ఏ నంబరుకు ఫోన్ చేసిందో దాన్ని బట్టి, లేదా ఏ నంబరు నుండి వచ్చిందో దాన్ని బట్టి రిసీవర్ తగిన ప్రొఫైల్‌ను ఎంచుకుంటుంది.

ఈ పని చేసేది కేంద్రంలోని సాంకేతిక నిపుణులు. మీరు చేయనవసరం లేదు. కానీ అందులో ఏముంటుందో తెలిస్తే సరైన ప్రశ్నలు అడగగలుగుతారు. ముఖ్యమైన అమరికలు ఇవి.

ఎప్పుడు ఎత్తాలి? తొందరగా ఎత్తితేనే మంచిది కదా అనిపిస్తుంది. అయితే అమెరికాలోని మామూలు టెలిఫోన్ లైనులో ఫోన్ చేసినవారి నంబరు మొదటి రింగుకూ రెండవ రింగుకూ మధ్య వస్తుంది. మొదటి రింగులోనే ఎత్తేస్తే ఆ నంబరు అందదు. అంకెలు సరిగా రాని సమయంలో ఇల్లు కనిపెట్టడానికి ఆ నంబరే ఆధారం కావచ్చు. కాబట్టి పెద్దవారి లైన్లకు ఆ కాస్త ఆగడం మేలా కాదా అన్నది కేంద్రం ఆలోచించి నిర్ణయించాలి.

ఏ స్వరం ముందు? ఒక్కో కంపెనీ పెట్టె ఒక్కో రకం స్వరం కోసం ఎదురుచూస్తుంది. రిసీవర్ వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా పంపుతూ, ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగుతుంది. ఉదాహరణకు ఒక్కోదానికి 4 సెకన్లు అనుకుందాం. మీ పెట్టెకు కావలసిన స్వరం ఆరవ స్థానంలో ఉంటే అది వచ్చేసరికి 20 సెకన్లు గడిచిపోతాయి. ఈలోగా పెట్టె విసిగి లైను పెట్టేయవచ్చు. మళ్లీ ఫోన్ చేస్తుంది, మళ్లీ అదే జరుగుతుంది. పెద్దవారి బటన్ల కోసం కేటాయించిన నంబరుకు ఆ పెట్టెలకు సరిపోయే స్వరమే మొదట ఉండాలి.

ఏ ఇల్లు? ఖాతా సంఖ్యకు 4 అంకెలే ఉంటే మొత్తం 10,000 సంఖ్యలే వస్తాయి. పెద్ద కేంద్రాలకు ఇవి చాలవు. అందుకని ఒకే సంఖ్యను రెండు మూడు చోట్ల వాడి, ఏ లైనులో వచ్చిందో దాన్ని బట్టి ముందు ఒక గుర్తు చేరుస్తారు. ఉదాహరణకు 2345 అనే సంఖ్య ఒక జాబితాలో ఒక బట్టల దుకాణానిది, మరో జాబితాలో మీ అమ్మగారిది కావచ్చు. ఆ గుర్తు పొరపాటుగా నమోదైతే ఆపరేటరు ముందు వేరొకరి చిరునామా ప్రత్యక్షమవుతుంది. అంబులెన్సు వెళ్తుంది, కానీ వేరే వీధికి.

మాట కలపాలా, లైను పెట్టేయాలా? అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. దొంగతనం అలారానికి అంకెలు అందితే చాలు, రిసీవర్ లైను పెట్టేస్తుంది. తర్వాతి కాల్ కోసం లైను ఖాళీ కావాలి కాబట్టి అది సరైన పనే. కానీ పెద్దవారి పిలుపులో అంకెలు అందాక లైను నిలిపి ఉంచి, ఆపరేటరుకు అప్పగించాలి. 100, 101 వంటి సంకేతాలు వస్తే అలా చేయమని ప్రొఫైల్‌లో ఆదేశం ఉండాలి. లేకపోతే కేంద్రానికి కబురు అందుతుంది గానీ నేలమీద పడి ఉన్న మనిషికి ఏ గొంతూ వినిపించదు. ఎవరూ రారేమోనన్న భయంతో లేవబోయి మళ్లీ పడిపోయే ప్రమాదం ఉంది. పలకరించే గొంతే వారికి మొదటి చికిత్స.

లైను చెడిపోతే? కార్డుకు వచ్చే లైను పనిచేయకపోతే వెంటనే హెచ్చరిక రావాలి. ఒక లైను తీరిక లేకపోతే కాల్ పక్క లైనుకు వెళ్లాలి. ప్రధాన యంత్రం ఆగిపోతే మరొకటి సిద్ధంగా ఉండాలి. ఇంటి పెట్టెలో కూడా రెండవ నంబరు నమోదై ఉండాలి.

నిన్న పనిచేసినది నేడు ఎందుకు పనిచేయదు?

ఈ ఏర్పాటులో చిక్కు ఏమిటంటే, చెడిపోయిన సంగతి బయటికి కనిపించదు. బటన్ మెడలోనే ఉంటుంది, పెట్టెమీద దీపం వెలుగుతూనే ఉంటుంది. మధ్యలో ఎక్కడో ఏదో మారిపోయి ఉంటుంది.

మొదటిది, ఇంటి టెలిఫోన్ మారడం. పాత రాగి తీగకు ఎక్స్‌ఛేంజి నుండే కరెంటు వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పనిచేసేది. ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా నడిచే ఫోన్లు వచ్చాయి. కరెంటు పోతే రౌటరుతో పాటు ఫోనూ ఆగిపోతుంది. పైగా మనిషి మాట కోసం శబ్దాన్ని కుదించి పంపే పద్ధతిలో అంకెల శబ్దాలు చెదిరిపోవచ్చు. మాట స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి ఫోన్ బాగానే ఉందనుకుంటాం. యంత్రానికి మాత్రం అంకెలు అర్థం కావు.

బ్రిటన్‌లో ఈ సమస్య దేశమంతటా చర్చకు వచ్చింది. అక్కడ ఇటువంటి బటన్లు వాడేవారు సుమారు 18 లక్షల మంది ఉన్నారని అంచనా. పాత టెలిఫోన్ వ్యవస్థ నుండి కొత్తదానికి మార్చే క్రమంలో కొందరి పరికరాలు పనిచేయక తీవ్రమైన ఘటనలు జరిగాయి. దాంతో 2023 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం టెలిఫోన్ కంపెనీలతో ఒక ఒప్పంద పత్రం కుదుర్చుకుంది. రక్షణ ఏర్పాట్లు లేకుండా ఇటువంటివారిని బలవంతంగా మార్చబోమని కంపెనీలు మాట ఇచ్చాయి. పాత వ్యవస్థను 2025 చివరికే ఆపాలని మొదట అనుకున్నా, ఆ గడువును 2027 జనవరికి పొడిగించారు.

రెండవది, మొబైల్ నెట్‌వర్క్ మారడం. సిమ్ కార్డుతో నడిచే పెట్టెలకు కూడా ఈ చిక్కు తప్పలేదు. అమెరికాలో 2022లో పెద్ద కంపెనీలు 3జీ సేవలను ఆపేశాయి. అప్పుడు పాత పెట్టెలన్నింటినీ మార్చవలసి వచ్చింది.

మూడవది, కేంద్రంలో మార్పులు. సేవ అందించే కంపెనీ చేతులు మారవచ్చు. కొత్త రిసీవర్ తెచ్చి, పాత ప్రొఫైళ్లను అందులోకి మార్చవచ్చు. ఆ మార్పిడిలో ఒక్క గడి తప్పుగా నింపినా మీకు తెలిసే అవకాశం లేదు, పరీక్షించి చూసుకుంటే తప్ప.

మీరు ఇంట్లో చేయవలసినవి

1. నెలకొకసారి బటన్ నొక్కి పరీక్షించండి. ముందుగా కేంద్రానికి చెప్పి నొక్కండి. దీపం వెలిగితే చాలదు, మనిషి గొంతు వినిపించే వరకు ఆగండి. ఎంతసేపు పట్టిందో ఒక పుస్తకంలో రాసుకోండి.

2. ఆపరేటరు పలకగానే మీరే పేరు చెప్పకండి. "మీ ముందు ఎవరి పేరు, ఏ చిరునామా కనిపిస్తోంది?" అని అడగండి. మందుల జాబితా, బంధువుల నంబర్లు కూడా సరిచూడండి.

3. స్నానాల గది నుండి, పెరటి నుండి, మేడమీది నుండి కూడా నొక్కి చూడండి. స్నానాల గదిలో కూడా పడిపోయే ప్రమాదం ఉంటుంది.

4. టెలిఫోన్, ఇంటర్నెట్, రౌటరు, కంపెనీ, ఇల్లు వీటిలో ఏది మారినా అదే రోజు మళ్లీ పరీక్షించండి. టెలిఫోన్ కంపెనీ మనిషి వచ్చినప్పుడు ఇంట్లో అత్యవసర బటన్ ఉందని ముందే చెప్పండి.

5. పెట్టెను లైను మొదట్లోనే కలపాలి. అప్పుడు ఇంట్లో వేరే ఫోన్ సరిగా పెట్టకపోయినా, ఎవరైనా మాట్లాడుతున్నా, పెట్టె లైను తీసుకోగలుగుతుంది. ఇది ఎలా అమర్చారో పెట్టినవారిని అడగండి. కాల్ వెయిటింగ్ శబ్దం అంకెలను చెడగొట్టకుండా ఏం చేశారో కూడా కనుక్కోండి.

6. కరెంటు పోయినప్పుడు పెట్టె, రౌటరు రెండూ ఎన్ని గంటలు పనిచేస్తాయో తెలుసుకోండి. పెట్టెకు బ్యాటరీ ఉండి రౌటరుకు లేకపోతే ప్రయోజనం లేదు.

7. బటన్‌ను ఎప్పుడూ ధరించే ఉండాలి. రాత్రి తీసి బల్లమీద పెడితే తెల్లవారుజామున మూత్రానికి లేచి పడిపోయినప్పుడు అందదు.

కేంద్రాన్ని అడగవలసిన ప్రశ్నలు

• మా పెట్టె కాల్ చేసే నంబరు పెద్దవారి పిలుపుల కోసమే కేటాయించినదా?
• మా పెట్టెకు సరిపోయే స్వరం మొదటి స్థానంలో ఉందా?
• అంకెలు అందాక లైను పెట్టేయకుండా ఆపరేటరుకు కలుపుతారా? దాన్ని మా పెట్టెతోనే పరీక్షించి చూశారా?
• పెట్టె తనంతట తాను పరీక్ష సంకేతం ఎన్ని రోజులకొకసారి పంపుతుంది? అది రాకపోతే మాకు ఫోన్ చేస్తారా?
• అమ్మగారికి తెలుగు తప్ప మరో భాష రాకపోతే ఏం చేస్తారు? మొదట ఎవరిని లైనులోకి తీసుకుంటారు?

ఈ చివరి ప్రశ్నను తేలికగా తీసుకోకండి. యంత్రాలన్నీ సరిగా పనిచేసి, గొంతు వినిపించినా, భాష అర్థం కాక పెద్దవారు మౌనంగా ఉండిపోతే ఆపరేటరుకు పరిస్థితి తెలియదు. తెలుగు తెలిసిన బంధువు నంబరు వారి వివరాలలో మొదట ఉండేలా చూడండి. మాట రాకపోయినా "హెల్ప్" అనే ఒక్క మాట అనడం నేర్పండి. బదులు రాకపోతే సహాయం పంపవలసిందేనని కేంద్రంతో ముందే మాట్లాడుకోండి.

పెద్దవారితో మాట్లాడండి

బటన్ ఉన్నా నొక్కనివారు ఎందుకు నొక్కరు? "ఇంత చిన్నదానికి అందరినీ కంగారు పెట్టడం ఎందుకు?" అనుకుంటారు. పిల్లల ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందని ఊరుకుంటారు. ఆసుపత్రికి తీసుకుపోతారని భయపడతారు. పొరపాటున నొక్కితే డబ్బు కట్టాలేమోనని సందేహిస్తారు. ఈ సంకోచాలన్నీ ముందే తీర్చాలి. "అమ్మా, పొరపాటున నొక్కినా ఎవరూ ఏమీ అనరు. నువ్వు నొక్కకపోతేనే మాకు బాధ" అని ఒకటికి రెండుసార్లు చెప్పండి. నెలనెలా చేసే పరీక్షలో బటన్ వారిచేతనే నొక్కించండి. అవతలి గొంతు నాలుగుసార్లు విన్నాక బెరుకు పోతుంది. ఆపదలో చేయి దానంతట అదే బటన్ మీదికి వెళ్తుంది.

మన ఊళ్లలో ఉండేవారికి

మన దగ్గర చాలా ఇళ్లలో ఇప్పుడు ల్యాండ్‌లైన్ లేదు. కాబట్టి ఇక్కడ దొరికే బటన్లు ఎక్కువగా మొబైల్ సిమ్‌తోనే నడుస్తాయి. వాటికీ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. సిమ్ గడువు ముగిసిందా, ఇంట్లో అన్ని గదులలో సిగ్నల్ ఉందా, నొక్కితే ఎవరికి కాల్ వెళ్తుంది, వారు ఎత్తకపోతే తర్వాత ఎవరికి వెళ్తుంది అన్నది చూసుకోండి. విదేశంలో ఉన్న కొడుకు నంబరు ఒక్కటే పెడితే, ఇక్కడ పట్టపగలు అక్కడ అర్ధరాత్రి అన్న సంగతి గుర్తుంచుకోండి. పక్కింటివారి నంబరు మొదట ఉండాలి. ఇంటి తాళం చెవి ఒకటి వారి దగ్గర ఉండాలి.

అంబులెన్సు కోసం 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఇప్పుడు తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఉంది. అన్ని అత్యవసరాలకూ కలిపి 112 నంబరు ఉంది. ఈ నంబర్లను, ఇంటి చిరునామాను, దగ్గరి గుర్తును పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ దగ్గర అతికించండి. కంగారులో సొంత ఇంటి నంబరు కూడా గుర్తుకు రాదు.

గుర్తుంచుకోండి

ఏదో ఒకసారి అమర్చి మరిచిపోయే వస్తువు కాదు ఇది. మెడలోని బటన్, ఇంట్లోని పెట్టె, టెలిఫోన్ లైను, కేంద్రంలోని లైన్ కార్డు, దాని ప్రొఫైల్, ఆపరేటరు. ఈ ఆరూ ఒక గొలుసు. ఏ కొక్కెం ఊడినా గొలుసు తెగినట్లే. మధ్య కొక్కేలు మీ కంటికి కనిపించవు. కానీ నెలకు ఐదు నిమిషాలు వెచ్చించి, బటన్ నొక్కించి, అవతలి గొంతు విని, పేరు చిరునామా సరిచూసుకుంటే గొలుసంతటినీ ఒకేసారి పరీక్షించినట్లవుతుంది. ఈ నెల పరీక్ష ఇంకా చేయకపోతే ఈ రోజే చేయండి.